గ్రనాడాలో కాకెంగిలి

2016 అక్టోబరులో, దీపావళికి సరిగ్గా వారం రోజుల ముందు వచ్చిన ఆదివారం నాడు, స్పెయిన్ దేశంలోని గ్రనాడా నగరం నుంచి మా తమ్ముడు ఫోను చేసి, "మీరు వచ్చాక అందరం కలిసి తాపాస్ తిందాం అమ్మా" అన్నాడు. అమ్మ ఫోనును అరచేత్తో మూసి, నాన్నవైపు తిరిగి, "వీడేటండీ, టపాసులు తిందామంటన్నాడు" అంది. నాన్న పత్రికలోంచి తల ఎత్తకుండానే, "కాల్చవలసినవి తినేస్తే పండక్కి ఏటి మిగులుతాయని అడుగు" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎంతగా నిలిచిపోయిందంటే, ఈనాటికీ ఆ ప్రయాణాన్ని మేము టపాసుల ప్రయాణమనే చెప్పుకుంటాము.

స్పానిష్ భాషలో తాపా అంటే మూత అని అర్థం. పూర్వం ద్రాక్షసారా గ్లాసులో ఈగలు పడకుండా దానిమీద ఒక రొట్టెముక్కనో, ఎండు మాంసపు తునకనో మూతగా పెట్టి ఇచ్చేవారనీ, పోగా పోగా ఆ మూతే చిరుతిండిగా స్థిరపడిందనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఒకరిద్దరు రాజుల పేర్లు తగిలించి చెప్పే కథలు కూడా ఉన్నాయి గాని, అవి నమ్మడానికి కాక వినడానికి బాగుండే కథలు. తమ్ముడు ఇదంతా వివరించినప్పుడు నాన్న శ్రద్ధగా విని, "మూత తినేశాక ఈగలు పడవా మరి?" అని అడిగారు. ఆయనకు ఏ లెక్కా తేలకుండా వదిలిపెట్టే అలవాటు లేదు. నాన్న అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుని దగ్గర ముప్ఫై నాలుగేళ్ళపాటు గుమాస్తాగా పనిచేశారు. దిమ్మ చూసి రకం చెప్పగలిగిన మనిషి, పైసా తేడా వస్తే రాత్రి భోజనానికి లేవని మనిషి.

గ్రనాడాలో ఒక రాత్రి భోజనం బల్లమీద జరిగినది ఎందుకంత వింతగా తోచిందో తెలియాలంటే, మా ఇంట్లో భోజనాలు ఎలా సాగేవో కొంచెం చెప్పాలి. మా అమ్మకు ఎంగిలి పట్టింపు చాలా ఎక్కువ. కంచంలో చెయ్యి పెట్టిన తరువాత ఆ చేత్తో గరిటె ముట్టుకోకూడదు, వడ్డించే గరిటె కంచానికి తగలకూడదు, మంచినీళ్ళు గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోవాలే తప్ప పెదవి ఆనించకూడదు. ఒకరి కంచంలోది మరొకరు తీసుకోవడమన్నది మాకు ఊహకు కూడా అందని సంగతి. నాన్న ముందు తినేవారు, తరువాత మేమిద్దరం, అందరం లేచాక అమ్మ. ఆవిడ ఏమి తినేదో, ఎంత తినేదో నేను పెద్దదాన్నయ్యేదాకా చూడలేదు. వంటింటి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, గిన్నెల అడుగున మిగిలినవన్నీ ఒకే కంచంలోకి వంచుకుని తినడం పదో తరగతి పరీక్షలకు చదువుకునే రోజుల్లో ఒక రాత్రి మంచినీళ్ళకని వెళ్ళి మొదటిసారి చూశాను. పులుసులో ముక్క ఒక్కటి కూడా లేదు.

ఈ కట్టుబాటుకు మా తమ్ముడూ నేనూ కనిపెట్టుకున్న మినహాయింపు, తెలుగు పిల్లలందరికీ తెలిసినదే, కాకెంగిలి. నాన్న సంత నుంచి తెచ్చిన పాకం జీడి ఒక్కటే మిగిలినప్పుడు, వాడు దాన్ని చొక్కా అంచులో చుట్టి, గుడ్డ మీదుగా కొరికి, విరిగిన ముక్క నా చేతిలో పెట్టేవాడు. నోరు తగిలినది గుడ్డకే గాని జీడికి కాదు కాబట్టి అది ఎంగిలి కాదని మా వాదన. అమ్మ ఆ వాదనను ఏనాడూ అంగీకరించలేదు, చొక్కాలకు అంటిన పాకం మరకలు ఉతకవలసి వచ్చినందుకు ఇంకా ఎక్కువగా తిట్టేది.

నవంబరు మొదటి వారంలో మేము ముగ్గురం మాడ్రిడ్‌లో దిగి, అక్కడి నుంచి అయిదు గంటలు బస్సులో ప్రయాణించి గ్రనాడా చేరాము. అప్పటికి కార్తీకమాసం వచ్చేసింది. నెల పొడుగునా అమ్మ నీసు ముట్టదు, సోమవారాలు పగలంతా ఉపవాసముండి చుక్క చూశాకనే తింటుంది, ఆ పూట ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు. కొట్టుకొట్టుకూ పైకప్పు నుంచి పంది తొడలు గిట్టలతో సహా వేలాడే దేశానికి, కార్తీకమాసంలో, మా అమ్మను తీసుకుని వెళ్ళిన ఘనత నాదే. సెలవు నాకు అప్పుడే దొరికింది మరి. బ్యాంకు ఉద్యోగికి సెలవు దొరకడమే ముహూర్తం.

మొదటి శని, ఆదివారాలు తమ్ముడు మమ్మల్ని సెవియా నగరానికి తీసుకువెళ్ళాడు. 1670 నుంచీ నడుస్తున్నదని చెప్పే ఎల్ రింకొన్సీయో అనే పాత సత్రంలాంటి చోట, నిలబడి తినే కొయ్య బల్ల దగ్గర, పాలకూరా శనగలూ కలిపి జీలకర్ర వేసి వండిన కూర తిన్నాము. అమ్మకు ఆ కూర ఎంత తెలిసినదిగా అనిపించిందంటే, తాలింపులో ఏది తక్కువైందో కూడా చెప్పింది. కాని నాన్న దృష్టి కూరమీద లేదు. అక్కడ వడ్డించేవాళ్ళు మనం తిన్నదాని ఖరీదును సుద్దముక్కతో మన ముందే కొయ్య బల్లమీద రాసి, ఒక్కొక్క పళ్ళెం వచ్చినప్పుడల్లా కింద మరొక అంకె చేర్చి, చివరకు గీత గీసి కూడి, డబ్బు తీసుకున్నాక గుడ్డతో తుడిచేస్తారు. నాన్న ఆ కూడికను తలకిందులుగా చదివి సరిచూసుకున్నారు. సరిగానే ఉంది. "తుడిచేస్తే రేపు లెక్క చూసుకోవద్దా?" అన్నదొక్కటే ఆయన అభ్యంతరం. తిరుగు ప్రయాణంలో బస్సు మూడు గంటలూ ఆ సుద్ద లెక్క గురించే మాట్లాడారు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ మరునాటి సంగతి. 2016 నవంబరు 7, సోమవారం. పగలు అల్‌హంబ్రా చూశాము. ఉపవాసంతో ఉన్న అమ్మ ఆ కోటంతా నడిచింది, అలసట చెప్పలేదు. నేలమీద సన్నని కాలువల్లో నీళ్ళు పారుతున్న చోటల్లా ఆగి, కాళ్ళు కడుక్కోవచ్చునా అని తమ్ముణ్ణి అడిగింది, కూడదన్నాడు. సాయంత్రం అల్బయిసీన్ కొండమీద సాన్ నికోలాస్ చర్చి ముంగిట నిలబడ్డాము. ఎదురుగా దీపాలు వెలిగిన అల్‌హంబ్రా, దాని వెనుక సియెర్రా నెవాదా కొండలు, నడినెత్తికి దిగువగా సగం చంద్రుడు. లోకమంతా ఆ కోటను ఫోటోలు తీసుకుంటుంటే, మా అమ్మ కోటకు వీపు చూపకుండానే పడమటివైపు తల తిప్పి చుక్క కోసం వెతుకుతూ ఉంది. నైరుతి దిక్కున ఒకటి మిలమిల మెరుస్తూ కనిపించగానే దణ్ణం పెట్టుకోబోయింది. నాన్న, "అది శుక్రుడు, నక్షత్రం కాదు" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అన్న సరైన మాటల్లో అంత అనవసరమైన మాట మరొకటి ఉండదు. అమ్మ మరో పది నిమిషాలు ఆగి, పైన ఇంకొక చుక్క చూసి, సంచిలోంచి నాగులచవితికని చేసి తెచ్చిన చిమ్మిలి ఉండ తీసి నోట్లో వేసుకుని ఉపవాసం విడిచింది. అప్పటికి సాయంత్రం ఆరున్నర దాటింది. స్పెయిన్‌లో రాత్రి వంట మొదలుకావడానికి ఇంకా రెండు గంటలు ఉంది.

ఆ రెండు గంటలూ రాళ్ళు పరిచిన సందుల్లో మెల్లగా దిగుతూ గడిపాము. దారిలో రాణి ఇసాబెల్ పేరు పెట్టిన కూడలిలో, సింహాసనం మీద కూర్చున్న రాణికి కొలంబస్ ఏదో కాగితం చూపిస్తున్న విగ్రహం ఉంది. గ్రనాడా రాజ్యం 1492 జనవరిలో ఆమె చేతికి వచ్చిందనీ, అదే ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని సాంతా ఫేలో కొలంబస్‌తో ఒడంబడిక కుదిరిందనీ తమ్ముడు చెప్పాడు. "ఆ కాగితమే లేకపోతే అమ్మా, నీ ఆవకాయలో కారం లేదు" అని కూడా అన్నాడు. మిరపకాయ ఆ ఓడల దారిన అమెరికా నుంచి ఐరోపాకు వచ్చి, తరువాత పోర్చుగీసు వారి వెంట మన దేశానికి చేరిందని నేను పుస్తకాల్లో చదివినదే, కాని ఆ విగ్రహం ముందు నిలబడి వినడం వేరుగా ఉంది. అమ్మ మాత్రం రాణి ముఖం చూసి, "ఈవిడకి కారం అలవాటైందా పాపం?" అంది.

నావాస్ వీధికి దగ్గరలో, తమ్ముడు తరచుగా వెళ్ళే ఒక చిన్న చోట నలుగురం కూర్చున్నాము. బల్ల ఎంత చిన్నదంటే మా మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. స్పెయిన్‌లో చాలా ఊళ్ళలో తాపాలకు విడిగా డబ్బు తీసుకుంటారు. చిన్న పళ్ళెమైతే తాపా, పెద్దదైతే రసియోన్, మధ్యస్థంగా ఉంటే సగం రసియోన్. గ్రనాడాలో మాత్రం, ఆ పక్కనున్న ఆల్మెరియా, హయేన్ లలో మాదిరిగానే, పానీయం ఏది తెప్పించుకున్నా దానితోపాటు ఒక తాపా ఊరికే వస్తుంది. రెండోసారి పానీయం చెబితే రెండోసారి మరొక రకం వస్తుంది, అదేమిటో వాళ్ళ ఇష్టం. "ఊరికే ఎందుకిస్తాడు?" అన్నారు నాన్న. "పద్ధతి నాన్నా." "పద్ధతి సరే, కిట్టుబాటు ఎలాగవుద్ది?" తమ్ముడి దగ్గర జవాబు లేదు. పానీయం ఖరీదు రెండు యూరోలు. ఆ రెంటిలోనే తిండి కూడా కలిసి ఉందేమోనని నేనన్నాను. నాన్న తల అడ్డంగా ఊపారు, ఆయన అప్పటికే మనసులో కూడిక, తీసివేత చేసి చూసుకున్నారు.

అందరికీ మోస్తో తెప్పించాడు తమ్ముడు, అంటే పులియని ద్రాక్షరసం. నాన్న ఎదుట కాబట్టి వాడూ అదే తాగాడు. ఒంటరిగా వచ్చినప్పుడు ఏమి తెప్పించుకుంటాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. కాడ ఉన్న గాజు గ్లాసులో, అంచున నారింజ ముక్క గుచ్చి తెచ్చిన ఆ రసాన్ని చూసి అమ్మ చెయ్యి వెనక్కు తీసుకుంది. సారా కాదని నాన్న ముందు ఒక గుక్క తాగి చూపిస్తే గాని నమ్మలేదు. నారింజను అక్కడ నరంహ అంటారని తమ్ముడు చెప్పినప్పుడు మాత్రం ఆశ్చర్యపడి, ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుంది.

మొదటి తాపా వచ్చింది. ఆకుపచ్చని పెద్ద చిక్కుడు గింజలు, ఆలివ్ నూనెలో నిగనిగలాడుతూ ఉన్నాయి. అమ్మ ముఖం విప్పారింది. చెంచా తీసుకుని, మేమెవ్వరమూ ముట్టుకోకముందే, గింజలను నాలుగు వాటాలు వేసి నలుగురి చిన్న పళ్ళేల్లోకి వడ్డించడం మొదలుపెట్టింది. ఎంగిలి భయం ఒకటి, వడ్డించకుండా కూర్చోలేకపోవడం ఒకటి. నాన్నకు వేసింది, నాకు వేసింది, మూడో వాటా దగ్గర గింజల మధ్య గులాబీరంగు తునకలు కనబడ్డాయి. తమ్ముడు "అమ్మా, ఆగు" అన్నాడు. మాంసం లేకుండా కావాలని వాడు ముందే చెప్పాడు. వడ్డించే ఆయనను పిలిచి అడిగితే, ఆయన నిజంగానే కలవరపడి, "ఇది మాంసం కాదు కదా, హమోన్" అన్నాడు. అంటే వేలాడే ఆ తొడ. ఆ దేశంలో మాంసం వేరు, హమోన్ వేరు అని మాకు ఆ రాత్రి తెలిసింది.

అప్పుడు తమ్ముడు లేచి నిలబడి, మాంసం వద్దు, హమోన్ వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు అని వరుసగా చెప్పాడు. ప్రతి పేరుకూ ముందు 'సిన్' అనే చిన్న మాట వస్తుంది, లేకుండా అని దాని అర్థం. వింటుంటే అష్టోత్తరం చదివినట్టుంది. ఆయన చివరిదాకా వినయంగా విని, అమ్మవైపు ఒకసారి జాలిగా చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. చిక్కుడు గింజల పళ్ళెం కూడా పట్టుకుపోయాడు. తన పళ్ళెంలో పడిన వాటాను మాత్రం నాన్న వదలలేదు. "సోమవారమండీ" అంది అమ్మ. నాన్న చిన్నపిల్లవాడిలా పళ్ళెం ముందుకు తోసి, పక్క బల్లమీద మట్టి మూకుడులో వెల్లుల్లి నూనెలో చిటపటలాడుతున్న రొయ్యలవైపు చూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి వంకాయలు వచ్చాయి. బద్దలుగా కోసి, పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించి, పైన నల్లని పాకం సన్నని ధారగా పోశారు. పాకాన్ని అక్కడ మియెల్ దె కాన్యా అంటారు, చెరకు తేనె అని అర్థం. వంకాయకు బెల్లపు పాకం పోయడమేమిటని అమ్మ ఇంకా ఆలోచిస్తూ ఉండగానే, నాన్న వేలితో పళ్ళెం అంచున జారిన పాకాన్ని తీసి నాలుకమీద వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నేను చిన్నప్పుడు బడి నుంచి వస్తూ దుకాణంలోకి తొంగిచూసినప్పుడల్లా, దిమ్మ మూల చిదిపి రుచి చూసేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది.

"తేనె కాదురా బాబూ, పాకమే. బెల్లం పెనం దింపడానికి ముందు తీసేశారు. రంగు చూస్తే మూడో రకం, రుచి మొదటి రకం" అన్నారు. ఆ తరువాత పదిహేను నిమిషాలు ఆయన అడుగుతూ, తమ్ముడు చెబుతూ సాగింది. చెరకు రసం కాచి బెల్లం, చక్కెర చేసే విద్య మన దేశం నుంచి పర్షియాకూ, అరబ్బుల చేతికీ వెళ్ళి, వారి వెంట ఈ గ్రనాడా సముద్రతీరానికి వెయ్యేళ్ళ కిందటే చేరింది. వంకాయ కూడా ఆ దారినే వచ్చింది. సంస్కృతంలోని శర్కర నుంచి వచ్చినదే ఇక్కడి వాళ్ళ ఆసూకర్. మోత్రిల్, సలోబ్రేన్యా ఊళ్ళ చుట్టూ వందల ఏళ్ళు చెరకు పండింది. ఇప్పుడు లేదు, ఆ తీరంలో మిగిలిన చివరి చక్కెర కర్మాగారం 2006లో మూతపడింది. పాకం మటుకు మాలగా వైపు ఫ్రిహిలియానా అనే కొండమీది ఊళ్ళో ఒక పాత కర్మాగారం ఇంకా తయారు చేస్తోంది. మూతపడిందన్న మాట దగ్గర నాన్న ఆగిపోయారు. "పనివాళ్ళేమైపోయారు?" అని అడిగారు. అంత దూరం వచ్చిన ప్రయాణికులు మరెవరైనా ఆ ప్రశ్న అడుగుతారని నేననుకోను.

ఆ మాటల్లో పడి ఎవరూ గమనించని సంగతి ఏమిటంటే, అమ్మ వంకాయలను వాటాలు వేయలేదు. వేయడానికి లేదు, ఒకదానిమీద ఒకటి పేర్చి, పాకంతో అతుక్కుని ఉన్నాయి, వేడి తగ్గితే మెత్తబడిపోతాయని తమ్ముడు తొందరపెట్టాడు. అందరం ఒకే పళ్ళెంలోంచి నేరుగా తీసుకుంటున్నాము. అమ్మ కూడా. మొదట తనవైపున్న అంచు నుంచి ఒక బద్ద జాగ్రత్తగా లాక్కుంది, తరువాత ఇంకొకటి, ఆ తరువాత నాన్న ఫోర్కు పెట్టిన చోటునే మరొకటి. నాన్న రొట్టెముక్కతో పళ్ళెంలోని పాకం అద్దుకున్నప్పుడు "ఎంగిలండీ" అని అంది గాని, ఆ అనడంలో పూర్వపు పట్టు లేదు. అంతలో పాద్రోన్ మిరపకాయలు వచ్చాయి. వాయవ్య స్పెయిన్‌లోని గలీసియా నుంచి వచ్చే బొటనవేలంత పచ్చి మిరపకాయలు, నూనెలో వేయించి ఉప్పురాళ్ళు చల్లుతారు. కొన్ని కారం, కొన్ని కావు అని వాటిమీద సామెతే ఉంది, తినేదాకా ఏది ఎలాంటిదో తెలియదు. తమ్ముడు దాన్నొక జూదంలా చెప్పి మమ్మల్ని ఊరించాడు. వాడికీ, నాకూ ఒక్కొక్కటి కారం తగిలి నీళ్ళు తాగాము. అమ్మ వరుసగా ఏడో, ఎనిమిదో తినేసి, "ఇందులో కారమైనది ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

నేను ఆవిడవైపు అప్పుడు చూశాను. పళ్ళేలు వేడివేడిగా వస్తున్నాయి, మా అమ్మ వాటిని మాతోపాటు, వచ్చినవి వచ్చినట్టుగా తింటూ ఉంది. వడ్డించడానికి ఏమీ లేదు. లేచి వెళ్ళడానికి వంటిల్లు లేదు. ఎవరికి ఏది తక్కువైందో చూసుకోవలసిన గిన్నెలు లేవు. నాకప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నప్పుడు తప్ప, మా నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే సమయంలో భోజనం చేయడం అదే మొదటిసారని లెక్క వేసుకుంటే తేలింది. పెళ్ళిళ్ళలోనైనా అమ్మ ఆడవాళ్ళ బంతిలో వేరే కూర్చునేది. ఈ సంగతి పైకి అనలేదు. అంటే ఆవిడ స్పృహ తెచ్చుకుని చెంచా అందుకుంటుందేమోనని భయపడ్డాను.

రెండో విడత మోస్తోతో ఆ వడ్డించే ఆయన ఊరికే తెచ్చిపెట్టింది వేయించిన బాదంపప్పులు, ఉట్టి ఉప్పు చల్లినవి. అమ్మవైపు చూసి, ఒక్కొక్క వేలు మడుస్తూ 'సిన్, సిన్, సిన్' అని అష్టోత్తరం తిరిగి చదివి వినిపించాడు. అమ్మ నవ్వి నమస్కారం పెట్టింది.

చివరకు వంకాయ బద్ద ఒక్కటి మిగిలింది. నలుగురి చేతులూ ఆగిపోయాయి. స్పెయిన్‌లో ఉమ్మడి పళ్ళెంలో మిగిలిపోయే చివరి ముక్కకు ఒక పేరుందనీ, దాన్ని సిగ్గుముక్క అంటారనీ, అందరికీ కావాలని ఉన్నా మొహమాటపడి ఎవరూ తీసుకోరనీ తమ్ముడు చెప్పాడు. మొహమాటం మనకు మాత్రమే ఉందనుకున్నానని నాన్న అన్నారు. ఆ పళ్ళెం నాన్న వైపు నుంచి నా వైపుకు, నా నుంచి అమ్మ వైపుకు జరిగింది. అమ్మ అలవాటుగా, "నాకు చాలురా, మీరు తినండి" అంది. ఆ మాట మేము పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

తమ్ముడు బల్లమీది డబ్బాలోంచి పలుచని కాగితపు రుమాలు ఒకటి లాగాడు. మీ రాకకు ధన్యవాదాలు అని స్పానిష్‌లో నీలిరంగు అక్షరాలు అచ్చువేసిన రుమాళ్ళు అక్కడ ప్రతి చోటా ఉంటాయి. ఆ బద్దను రుమాలులో చుట్టి, ముప్ఫై ఏళ్ళ వయసు దాటిన, అక్కడ పరిశోధన చేస్తున్న మనిషి, కాగితం మీదుగా కటుక్కున కొరికి, విరిగిన సగం అమ్మ ముందు పెట్టి, "కాకెంగిలి" అన్నాడు. కాగితం పాకానికి అతుక్కుని చిరిగింది. వాడి వాదన మునుపటికంటే ఏమాత్రం బలంగా లేదు, నిజానికి ఇంకా బలహీనపడింది. అమ్మ ఆ సగాన్ని చూసింది, అంటుకున్న కాగితపు పీలికను గోటితో తీసివేసింది, నోట్లో వేసుకుంది. మిగిలిన సగాన్ని వాడు మళ్ళీ కొరికాడు.

వాళ్ళంతట వాళ్ళు బిల్లు తెచ్చే ఆచారం అక్కడ లేదు, మనం అడగాలి. తినడం అయ్యాక కూడా బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకునే ఆ సమయానికి సోబ్రెమేసా అని ఒక పేరే ఉంది. మేము అడగకుండా పదకొండు దాటేదాకా కూర్చున్నాము. తాంబూలం ఒక్కటే తక్కువైందని అమ్మ అంది.

మరునాడు మధ్యాహ్నం మూడున్నరకు, అక్కడ అందరూ భోజనాల దగ్గర ఉండే వేళకు, మన దేశంలో రాత్రి ఎనిమిదైంది. అయిదువందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయిన వార్త మాకు కూడా ఒక తాపా పళ్ళెం ముందే అందింది. అమ్మ కొంగుముడిలో దాచిన నోట్లు ఎన్నో ఆ పూటే బయటపడ్డాయి. నా సెలవు రద్దయింది, రెండు రోజుల్లో నేను తిరిగివచ్చి నెలన్నరపాటు నోట్లు లెక్కపెట్టాను. అమ్మా నాన్నా నెలాఖరుకు వచ్చారు, సంచిలో పాకం సీసాలు రెండు తెచ్చుకున్నారు. మా నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చునే అవకాశం ఆ తరువాత ఏదో ఒక కారణంగా తప్పిపోతూనే వచ్చింది.

నాన్న 2021లో వెళ్ళిపోయారు. ఆయన ఏనాటి ఖర్చు ఆనాడే డైరీలో రాసుకునేవారు. మొన్న సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళినప్పుడు అమ్మ ఆ డైరీలన్నీ అటకమీద నుంచి దింపించింది. 2016 డైరీలో నవంబరు 7 పుటలో, నీలి సిరాతో, దుకాణం చిట్టా రాసే గుండ్రని చేతిరాతలో ఇలా ఉంది:

"గ్రనాడా. వంకాయ (పాకంతో) 1. మిరపకాయలు 1. రొట్టె. ద్రాక్షరసం 8 గ్లాసులు. మొత్తం 34 యూరోలు, అబ్బాయి ఇచ్చాడు. చిక్కుడు గింజలు 1, వాపసు. బాదంపప్పు 1, ఊరికే ఇచ్చారు. కారణం తెలియలేదు."